ఆరంకెల తాళం

మేనేజరు మంచినీళ్ళ గ్లాసును ఆమె వైపు జరపగానే సంగతి అర్థమైపోయింది. మంచి కబురైతే ఆయన టీ తెప్పిస్తాడు. చెడ్డ కబురుకి మంచినీళ్ళు. వరసగా ఇది మూడో ఏడు, మూడో గ్లాసు.

"నీ పనికి వంక పెట్టేవాళ్ళు ఎవరూ లేరమ్మా," అన్నాడాయన, ముందున్న కాగితాన్ని సవరించుకుంటూ. "కమిటీలో అందరిదీ అదే మాట. కానీ లీడ్ పోస్టు అంటే బాధ్యత కదా. దానికి ఏదో ఒక లెక్క చూడాలి. పోయిన ఏడాది మన సిస్టమ్ నలభై ఒక్కసార్లు మొరాయించింది. అందులో నీ పేరు మీద బాగుచేసినవి ఎన్నో అని నేనే కూర్చుని వెతికాను. ఒక్కటి కూడా దొరకలేదు."

"ఎలా దొరుకుతాయండీ? నన్ను డ్యూటీ లిస్టులో వెయ్యరు కదా."

"అదే కదా నేనూ అంటున్నది," అన్నాడాయన, చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చినందుకు సంతోషపడుతున్నట్టుగా.

ఆ ఆఫీసులో ఆమెను అందరూ అక్క అంటారు. పదకొండేళ్ళ సర్వీసు. మగవాళ్ళకి సర్వీసు పెరిగితే బాస్ అవుతారు, ఆమెకి పెరిగి అక్క అయింది. గౌరవంగానే పిలుస్తారు, అందులో అబద్ధం లేదు. కాకపోతే బాస్‌కి పని చెప్పాలంటే నాలుగుసార్లు ఆలోచిస్తారు. అక్కకి చెప్పడానికి ఆలోచన దేనికి?

వాళ్ళు చేసే పని అందరికీ అర్థమయ్యేదే. ఊళ్ళో తిరిగే సిటీ బస్సుల్లో కండక్టర్ల మెడలో టికెట్లు కొట్టే మిషన్లు వేలాడుతుంటాయి. అలాంటివి రెండువేల వంద. వాటన్నిటినీ నడిపించే సాఫ్ట్‌వేర్ ఈ ఆఫీసుది. సగానికి పైగా ఆమె చేత్తో రాసిందే. ఏ మూల ఏ తీగ లాగితే ఎక్కడ డొంక కదులుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ మాట అడిగితే మేనేజరు కూడా కాదనడు.

అయితే అసలు సిస్టమ్‌లో చెయ్యి పెట్టాలంటే తాళం కావాలి. తాళమంటే బొటనవేలంత ప్లాస్టిక్ బిళ్ళ. దాని మీద ఆరు అంకెలు వెలుగుతుంటాయి, నిమిషానికోసారి మారిపోతుంటాయి. ఆ నిమిషంలో ఉన్న అంకెలు కొడితేనే తలుపు తెరుచుకుంటుంది, ఎవరి తాళంతో తెరిస్తే వాళ్ళ పేరు రికార్డులో పడుతుంది. సిస్టమ్ ఏ వేళ ఆగినా చూసుకోవలసినవాళ్ళ పేర్లుండేది డ్యూటీ లిస్టు. అందులో ఉన్నవాళ్ళకే తాళాలిస్తారు. లిస్టులో తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదిమందీ మగవాళ్ళే.

దానికో కథ ఉంది. ఆమె చేరిన ఏడే ఒక కాగితం వచ్చింది. మహిళా ఉద్యోగుల క్షేమం దృష్ట్యా వారిని వేళకాని వేళ డ్యూటీలకు వెయ్యరాదని దాని సారాంశం. చదవడానికి చల్లగానే ఉంది. అసలు సంగతేమిటంటే, చీకటి పడ్డాక ఆడవాళ్ళ చేత పని చేయిస్తే కారూ, కారుకో కాపలా మనిషీ పెట్టి ఇంటికి పంపాలి. పైవాళ్ళు లెక్క వేసుకున్నారు. కారు కంటే దయ చవగ్గా తేలింది. తర్వాత్తర్వాత ల్యాప్‌టాప్‌లు ఇళ్ళకొచ్చాయి, వేళకాని వేళ ఆఫీసుకు రావలసిన అవసరం మగవాళ్ళకి కూడా లేకుండా పోయింది. కారు పోయింది, కాపలా పోయింది, కాగితం మాత్రం గోడకు కొట్టిన మేకులా ఉండిపోయింది. డ్యూటీ లిస్టులో ఉన్నవాళ్ళకి నెలనెలా జీతంలో ఎనిమిదో వంతు అదనంగా వస్తుంది. క్షేమంగా ఉన్నందుకు ఆమెకేమీ రాదు.

పాపం సిస్టమ్‌కి కాగితాలు చదవడం రాదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు అది ఆగిపోతుంది. తాళం ఉన్నవాడు కాసేపు కిందా మీదా పడి, ఆమెకు ఫోన్ చేస్తాడు. ఆమె చెబుతుంది, వాడు కొడతాడు. తలకు రుద్దుకున్న షాంపూ కళ్ళల్లోకి కారుతుండగా చెప్పింది. పిల్లకి జ్వరమొస్తే ఆసుపత్రి వరండాలో ఒక చెవి డాక్టరుకిచ్చి, రెండో చెవి ఫోన్‌కిచ్చి చెప్పింది. "ఫోనూ మనదే, బిల్లూ మనదే, మాటలు మాత్రం ఆఫీసువి," అని ఆమె మొగుడు ఎన్నిసార్లు దెప్పాడో. అంతా అయ్యాక రికార్డులో తాళం ఉన్నవాడి పేరు పడుతుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

"ఆ నలభై ఒకటిలో ముప్ఫై మూడు నేను ఫోన్లో చెప్పినవే సార్," అంది ఆమె. "కావాలంటే నా ఫోన్లో ఉన్నాయి, తేదీలతో సహా చూపిస్తాను."

"నాకు తెలీదా అమ్మా? నీ మాట కాదనడంలేదు. కానీ ఫోన్ మాటలు రికార్డు కిందికి రావు. ఆడిట్ వాళ్ళు పేరు చూస్తారు."

"లీడ్ ఎవరికిచ్చారు?"

"మన కళ్ళజోడుకి. చక్కటి ప్రెజెంటేషన్ ఇచ్చాడు. పది మెట్లలో మొత్తం కథంతా చెప్పేశాడు. కమిటీ చాలా ముచ్చటపడింది."

ఆమెకి చెప్పుకోలేనంత కోపం వచ్చింది. కోపమొస్తే గొంతు ఎండుతుంది. ఆ గ్లాసెత్తి నీళ్ళన్నీ తాగేసింది. తాగేశాక, ఆయన పెట్టిన నీళ్ళే తాగానే అని ఇంకా కోపం వచ్చింది.

ఆఫీసులో అందరూ కళ్ళజోడు అని పిలిచే అతను ఆమె కంటే ఆరేళ్ళు చిన్నవాడు. చెడ్డవాడేం కాదు. రెండు వారాల కిందట ఆమె దగ్గర నీలం అట్ట పుస్తకం అడిగి పట్టుకెళ్ళాడు. ఏది చెడితే ఏం చెయ్యాలో, ఏ పనికి ముందు ఏ పని చెయ్యాలో ఇన్నేళ్ళుగా ఆమె చేత్తో రాసుకున్న పుస్తకం అది. టికెట్ రేట్లు మార్చే పనికి అందులో ఇరవై మూడు మెట్లున్నాయి. ఆ ఇరవై మూడే కమిటీ గదిలో పదయ్యాయన్నమాట. రెండు రోజుల్లో పుస్తకం తిరిగి ఇచ్చేస్తూ, "నీ దస్తూరీ ముత్యాల్లా ఉందక్కా," అని కూడా అన్నాడు.

ఆమె సీటుకొచ్చి కూర్చునేసరికి పక్క సీట్లో కొత్తమ్మాయి కుర్చీ ఇటు తిప్పింది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది, అప్పుడే ఆఫీసు భాషంతా పట్టేసింది.

"టీయా, నీళ్ళా అక్కా?"

"నీళ్ళు."

కొత్తమ్మాయి కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. గొంతు తగ్గించి, "నీకు చెప్పలేదు గానీ, నేనూ ఒకటి చేశానక్కా. లిస్టులో నా పేరు వెయ్యమని సార్‌కి మెయిల్ పెట్టాను," అంది.

"ఏమన్నారు?"

"'మీ అక్కని చూసి నేర్చుకో. పదకొండేళ్ళు ఏ గొడవా లేకుండా, ఎంత హాయిగా పనిచేసుకుంటోందో' అన్నారు."

మేనేజరు చెప్పిన ఏ మాటా ఆమెకు ఇంతగా తగల్లేదు. తను నోరు మూసుకున్నది తన ఒక్కదాని కోసమే అనుకుంది ఇన్నాళ్ళూ. పిల్ల చిన్నది, ఇల్లు గడవాలి, వచ్చే ఏడు చూద్దాం అనుకుంటూ వచ్చింది. ఆ మౌనాన్నే తీసుకెళ్ళి ఈ పిల్ల ముందు సాక్ష్యం కింద పెట్టారు. కొత్తమ్మాయి మొహంలోకి చూడలేక కంప్యూటర్ వైపు తిరిగింది.

పొద్దున క్యారేజీ సర్దుతూ అమ్మ అన్న మాట గుర్తొచ్చింది. అమ్మ ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరు. మిషన్లు రాకముందు సంగతి. కాగితం టికెట్లు చించీ చించీ కుడిచేతి బొటనవేలు కాయకాచిపోయింది. రిటైరయ్యాక కూడా ఆ కాయ కరగలేదు. ఆ రోజుల్లో ఆడ కండక్టర్లకి దూరపు రూట్లు వేసేవాళ్ళు కాదు. దూరపు రూట్లో తిరిగితే బత్తా వస్తుంది, అన్ని కిలోమీటర్లు తిరిగితేనే కంట్రోలరు ప్రమోషనొస్తుంది.

"ఇవాళ తేలుస్తారన్నావుగా. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో అడుగు," అంది అమ్మ, క్యారేజీ మూత నొక్కుతూ. "నేను అడగలేదు. మీ మంచికేనమ్మా అనేవాళ్ళు. కాబోలనుకున్నా. టికెట్ చించడం నేను నేర్పినవాడే, నా మీదకి కంట్రోలరై వచ్చి కూర్చున్నాడు. సెలవు కావాలంటే వాడికి దణ్ణం పెట్టాల్సొచ్చింది."

"అడిగితే ఇచ్చేవాళ్ళంటావా?"

"ఇచ్చేవాళ్ళో లేదో. అడగలేదన్న బాధ ఉండేది కాదు."

పదకొండు దాటింది. పదకొండుకీ పన్నెండుకీ మధ్య బస్సులు పలచగా ఉంటాయి, అందుకని రేట్లు మార్చే పని ఆ వేళకే పెట్టుకుంటారు. విద్యార్థులకి కొత్తగా తగ్గింపు ఇచ్చారు. కొత్త రేట్లు మిషన్లకి ఎక్కించాలి. లీడ్‌గా కళ్ళజోడుకి అదే మొదటి పని. మెళ్ళో తాళం సవరించుకుని, కమిటీకి చూపించిన పది మెట్ల స్లైడును పక్క తెర మీద పెట్టుకుని మొదలుపెట్టాడు.

పదకొండూ ఇరవైకి గోడ మీద పెద్ద తెరలో ఒక చుక్క ఎర్రబడింది. ఒక్కో చుక్క ఒక్కో మిషన్. తర్వాత పది, తర్వాత వంద. చూస్తుండగానే తెరంతా అమ్మవారు పోసిన ఒళ్ళులా అయిపోయింది. ఊళ్ళో ఉన్న మిషన్లన్నీ టికెట్ కొట్టడం మానేసి, 'ఆగండి' అన్న ఒక్క మాట చూపిస్తూ కూర్చున్నాయి. ఆఫీసులో ఫోన్లు ఒకదాని వెంట ఒకటి మోగడం మొదలైంది.

కళ్ళజోడు పది నిమిషాలు గింజుకున్నాడు. ఆ తర్వాత లేచి, చల్లకొచ్చి ముంత దాచినట్టు, ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు.

"టిఫిన్ చేశావా అక్కా?"

"ఆరో మెట్టు చేశావా?" అంది ఆమె.

"చేశా. ఆరో మెట్టు ఫైళ్ళు పేరుపెట్టి సర్దడమే కదా."

"అది నీ స్లైడులో ఆరోది. నా పుస్తకంలో ఆరోది ఏంటి?"

కళ్ళజోడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పుస్తకంలో ఆరో మెట్టు, కొత్త రేట్లు ఎక్కించే ముందు పాత రేట్లతో నడుస్తున్న ట్రిప్పులన్నీ మూసెయ్యడం. ఆమె దాని కింద రెండు గీతలు కూడా గీసింది. అది చెయ్యకపోతే ప్రతి మిషనూ ఒక కాలు పాత రేటు మీద, ఒక కాలు కొత్త రేటు మీద పెట్టి ఎటూ కదలకుండా నిలబడిపోతుంది.

"ఒక స్లైడులో పదికి మించి పట్టలేదక్కా," అన్నాడు నెమ్మదిగా. "కమిటీ కోసమని కుదించాను. ఇవాళ చేసేటప్పుడు పుస్తకం చూడాలని తోచలేదు."

ఈలోగా మేనేజరు అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. మొహం కడిగిన పలకలా ఉంది. "తప్పెవరిదో తర్వాత చూసుకుందాం. అమ్మా, నువ్వు చెప్పు, అతను కొడతాడు. ఎంతసేపు పడుతుంది?"

"పన్నెండు నిమిషాలు."

"హమ్మయ్య. కానివ్వండి మరి."

కళ్ళజోడు తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ పక్కన చక్రాల్లేని ఒక ప్లాస్టిక్ స్టూలు ఎప్పుడూ ఉంటుంది. ఆఫీసులో ఉండగా సిస్టమ్ ఆగితే ఆమె వచ్చి దాని మీద కూర్చుని చెబుతుంది. దానికి అక్క స్టూలని పేరు. అతను అలవాటు కొద్దీ కాలితో దాన్ని ఇవతలికి జరిపాడు. అలవాటు కొద్దీ ఆమె కూడా రెండడుగులు వేసింది. వేసి, దాని ముందు ఆగింది. కూర్చోలేదు.

బల్ల మీద ఫోన్ తీసి డిపోకి చేసింది.

"కంట్రోలరు గారా? టికెట్ సిస్టమ్ ఆఫీసు నుంచండీ. మిషన్లు ఇప్పట్లో రావు. కండక్టర్ల దగ్గర కాగితం టికెట్ల కట్టలుంటాయి కదా, సీలు తీసి వాడుకోమనండి. అన్ని డిపోలకీ మీరే చెప్పెయ్యండి. ... ఎంతసేపంటే, సాయంత్రం దాకా అనుకోండి. ప్రయాణికులతో మాటలు పడుతుంటారు పాపం, వెంటనే చెప్పండి."

"కాగితం టికెట్లా?" మేనేజరు గొంతు పైకి లేచింది. "సీలు తీస్తే అది రికార్డులోకెక్కుతుంది. ఇంతవరకూ మనం ఒక్కసారి కూడా అంతదాకా తెచ్చుకోలేదు. అయినా సాయంత్రమేంటి? పన్నెండు నిమిషాలన్నావు."

"పని పన్నెండు నిమిషాలే సార్. ఎప్పుడు మొదలవుతుందన్నది మీ చేతిలో ఉంది."

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఎక్కడ నోరు తడబడుతుందో అని ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"నేను చెప్పను. ఇంకొకళ్ళ చేత కొట్టించను. నా పేరు మీద నాకు తాళం ఇవ్వండి, ఆ కుర్చీలో కూర్చుని నేనే చేస్తాను. డ్యూటీ లిస్టులో నా పేరు వెయ్యండి. ఈ అమ్మాయిదీ వెయ్యండి, ఆమె కూడా అడిగింది."

"ఇదా అమ్మా అడగాల్సిన సమయం?"

"సమయం చూసుకునే అడిగాను సార్, మూడేళ్ళు. మంచినీళ్ళిచ్చారు."

మేనేజరుకి కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపంలా ఉంది. ఆయన మెత్తని గొంతుతో అసలు చోటు చూసి పొడిచాడు. "బస్సుల్లో కండక్టర్లు ఎంత అవస్థ పడుతుంటారో నీకు నేను చెప్పాలా? మీ అమ్మగారు కూడా కండక్టరే కదా. ఆవిడ వింటే ఏమంటారు?"

ఆమెకి కళ్ళు మండాయి. నిజమే, ఈ క్షణాన ఎక్కడో ఒక కండక్టరు నిలబడటానికి చోటులేని బస్సులో కట్ట సీలు తీస్తూ, చిల్లర లెక్కపెడుతూ, ఎవరిచేతో తిట్లు తింటూ ఉంటుంది. అలవాటు తప్పిన బొటనవేలు సాయంత్రానికి మండిపోతుంది. అది తన వల్ల కూడా జరుగుతోంది. ఆ సంగతి ఎవరో గుర్తుచెయ్యనక్కర్లేదు. పదకొండేళ్ళుగా ఆమె నోరు మూయించింది ఆ జాలే. ఆ జాలి మీదే ఈ ఆఫీసు ఉచితంగా నడుస్తోంది.

"అందుకేనండీ ముందు వాళ్ళకి ఫోన్ చేశాను," అంది. "మా అమ్మ ఏమంటుందో నాకు తెలుసు. పొద్దునే అంది."

ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మేనేజరు తెర వంక చూశాడు, గోడ గడియారం వంక చూశాడు. కళ్ళజోడు భుజం మీద చెయ్యి వేశాడు. అతను అర్థం చేసుకుని మెడలోంచి తాళం తీసి ఇచ్చి, కుర్చీలోంచి లేచి పక్కకి తప్పుకున్నాడు. మేనేజరు దాన్ని ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

"తీసుకో. కూర్చో. నువ్వే చెయ్యి."

ఇన్నేళ్ళలో తాళం ఆమెకు అంత దగ్గరికి రాలేదు. అంకెలు పచ్చగా వెలుగుతున్నాయి. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే దాని వైపు పోయింది.

"అయితే ఒకటి," అన్నాడు మేనేజరు. "అది అతని తాళం కాబట్టి రికార్డులో అతని పేరే పడుతుంది. ఇవాళ్టికి సర్దుకో. లిస్టులో కొత్త పేరు రావాలంటే పైవాళ్ళ సంతకం కావాలి, తక్కువలో తక్కువ నెల పడుతుంది. నేను తప్పకుండా చూస్తాను. నీ మంచి కోరేవాణ్ణే కదా."

ఆమె చెయ్యి తాళానికి జానెడు దూరంలో ఆగింది. తర్వాత వెనక్కి వచ్చింది.

"పోయిన నెల కళ్ళజోడు సెలవు పెడితే కొత్తగా ఒకతనికి తాళం ఇచ్చారు. గంటలో వచ్చింది," అంది ఆమె. "పైవాళ్ళతో మీరు ఫోన్లో మాట్లాడారు. ఈ గదిలో అందరం విన్నాం."

మేనేజరు తాళాన్ని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు, ఆమె ముట్టుకోలేదు.

"అలాగే ఇప్పుడూ మాట్లాడండి. ఫోన్ మాట మీ విషయంలో చెల్లుతుంది కదా. నేను ఎక్కడికీ పోను, ఇక్కడే నిలబడి ఉంటాను."

కళ్ళజోడు తలెత్తలేదు. కొత్తమ్మాయి తన సీట్లోంచి లేచి వచ్చింది. అక్క స్టూలుని రెండు చేతులతో ఎత్తి, తీసుకెళ్ళి గోడకి ఆనించింది. తిరిగొచ్చి ఆమె పక్కన నిలబడింది.

మేనేజరు జేబులోంచి ఫోన్ తీశాడు. తీసి, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. కీబోర్డు ముందు కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద తాళంలో అంకెలు మారాయి. కాసేపటికి మళ్ళీ మారాయి. ఆయన ఇంకా నంబరు నొక్కలేదు.